కాలిన చోటే తప్పు ఉందా?

మోటారు కాలిన వాసన ఒకసారి ముక్కుకి పట్టిందంటే ఇక మర్చిపోలేం. కాలేది రాగితీగ కాదు, దాని మీది పూత. కొంచెం తియ్యగా, కొంచెం ఘాటుగా, గొంతులో దిగబడిపోయేలా ఉంటుంది. కిందటి డిసెంబరులో ఒక రాత్రి నేపర్‌విల్‌లో మా ఇంటి బేస్‌మెంట్‌లో ఆ వాసన వచ్చింది. మా ఎనిమిదేళ్ళ అమ్మాయి పిన్‌బాల్ ఆడుతోంది. నేను సోఫాలో లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఆఫీసు పని చేసుకుంటున్నాను. "నాన్నా, ఏదో వాసనొస్తోంది," అంది. ఒక్క ఉదుటున లేచి, ప్లగ్ పీకేసి, తన వైపు తిరిగి నేనన్న మొదటి మాట: "ఏం చేశావ్?"

"నేనేం చెయ్యలేదు," అంది. కళ్ళల్లో నీళ్ళు.

ఈ వ్యాసం ఆ రెండు మాటల గురించి. ఏదైనా పాడైనప్పుడు మన వేలు ఎటు తిరుగుతుంది, ఎక్కడ ఆగుతుంది అన్నదాని గురించి. ఇందులో కొంత, ఒక పిన్‌బాల్ మెషీన్‌ని బాగుచేసుకుంటూ నేను తెలుసుకున్నది. కొంత, దాదాపు ఇరవయ్యేళ్ళ కిందట మా బొల్లాపల్లిలో తెలుసుకోకుండా వదిలేసింది.

*

పిన్‌బాల్ అంటే మన తరంలో చాలామందికి విండోస్ ఎక్స్‌పీలో వచ్చిన స్పేస్ కేడెట్. కాలేజీ లాబ్‌లో సి ప్రోగ్రామ్ రాస్తున్నట్టు నటిస్తూ ఆడిన ఆట. అసలు మెషీన్ దానికి తాతలాంటిది. అద్దం కింద ఆరున్నర డిగ్రీల వాలుతో ఒక చెక్క పలక. దాన్ని ప్లేఫీల్డ్ అంటారు. దాని మీద 80 గ్రాముల ఉక్కు బంతి. బంతి ఎప్పుడూ కిందకే పోవాలని చూస్తుంది, మనం దాన్ని రెండు ఫ్లిప్పర్లతో పైకి కొడుతూ ఉండాలి. ఎంత గొప్ప ఆటగాడికైనా చివరికి బంతి కిందకి పోవాల్సిందే. ఎంతసేపు ఆపగలిగాం అన్నదే స్కోరు.

షికాగో శివార్లలో ఉంటూ పిన్‌బాల్ మెషీన్ కొనడం, కొండపల్లిలో ఉంటూ బొమ్మలు కొనడం లాంటిదే. గాట్లీబ్, బాలీ, విలియమ్స్ లాంటి పేరున్న పాత కంపెనీలన్నీ ఈ చుట్టుపక్కల పుట్టినవే. 1999లో విలియమ్స్ పిన్‌బాల్ తయారీ మానేశాక ఈ ఆట పని అయిపోయిందనుకున్నారు. అవ్వలేదు. ఇప్పుడు కొనేవాళ్ళలో బార్ల యజమానులకంటే నాలాగా ఇంట్లో పెట్టుకునేవాళ్ళ గురించే ఎక్కువ వింటున్నాను. బార్‌లో అయితే పాడైతే చూసుకోడానికి ఒక మనిషి వస్తాడు. ఇంట్లో ఆ మనిషివి నువ్వే.

పైగా ఇది పాడవడానికే పుట్టిన వస్తువు. ఉక్కు బంతి రోజూ వందలసార్లు ప్లాస్టిక్‌నీ, రబ్బరునీ, చెక్కనీ గుద్దుతుంటుంది. ఆ అదురుకి నట్లు వదులవుతాయి. రబ్బరు రింగులు పగుళ్ళిస్తాయి. సోల్డరు చేసిన చోట తీగలు విరుగుతాయి. ప్లంజర్లు అరిగి నల్లటి పొడి రాలుస్తాయి. అప్పుడప్పుడూ అద్దం తీసి, బంతులు బయటపెట్టి, తుడిచి, మైనం పట్టించి, బిగించాల్సినవి బిగించాలి. బైకుకి ఆయిల్ మార్చడం లాంటిదే. నెలకి ఒక ఆదివారం ఈ పనికి పెట్టుకున్నాను. పెట్టుకున్నాను అంటే, పెట్టుకోవాలని అనుకున్నాను.

*

మర్నాడు పొద్దున ప్లేఫీల్డ్ పైకెత్తాను. కారు బానెట్‌లాగా లేస్తుంది. కింద వందల తీగలు, డజన్లకొద్దీ కాయిల్స్. దోషి దొరకడానికి నిమిషం పట్టలేదు. కుడి ఫ్లిప్పర్‌కి పైన, బంతి తగలగానే పక్కకి తన్నే త్రికోణం ఒకటుంటుంది, స్లింగ్‌షాట్ అంటారు. దాని కాయిల్ చుట్టూ ఉన్న కాగితం మాడిన అట్టు రంగుకి తిరిగింది. లోపలి ప్లాస్టిక్ గొట్టం కరిగి, ఇనుప ప్లంజర్ అందులో ఇరుక్కుపోయింది.

కాయిల్ ఖరీదు పెద్దగా ఏం ఉండదు. తెప్పించాను, సోల్డర్ చేశాను, స్విచ్ వేశాను. వెయ్యగానే కొత్త కాయిల్ "ట్రర్ర్" మని బిగుసుకుపోయింది. బంతి తగల్లేదు, ఆట మొదలే అవలేదు. వెంటనే ఆపేశాను. ఈ కాయిల్స్‌ని రెప్పపాటులో పని చేసి వదిలేసేలా తయారుచేస్తారు. 48 వోల్టులు ఆగకుండా పోతే కాసేపట్లో మాడిపోతాయి. ఫ్యూజు ఎందుకు పోలేదంటే, కాయిల్ తీసుకుంటున్నది దానికి మామూలుగా కావాల్సిన కరెంటే. తేడా అంతా ఎంతసేపు అన్నదాంట్లోనే.

అంటే కాయిల్ దోషి కాదు. కాయిల్ బాధితుడు.

రెండో అనుమానితుడు సిద్ధంగా ఉన్నాడు. కాయిల్ ఒక చివర ఎప్పుడూ కరెంటు ఉంటుంది. రెండో చివర నుంచి ఒక తీగ బోర్డు మీదున్న ట్రాన్సిస్టర్‌కి పోతుంది. ప్రోగ్రామ్ చెప్పినప్పుడు ఆ ట్రాన్సిస్టర్ ఒక్క క్షణం తలుపు తీసినట్టు తీగని గ్రౌండ్‌కి కలుపుతుంది, కాయిల్ తంతుంది. ట్రాన్సిస్టర్ పాడై తలుపు తెరుచుకునే ఉండిపోతే, కాయిల్ ఎప్పుడూ బిగుసుకునే ఉంటుంది. పాఠ్యపుస్తకంలో ఉండే జబ్బు ఇది. పాత మెషీన్లలో ఆ ట్రాన్సిస్టర్ ఒక్కటే మార్చుకునేవాళ్ళు. ఇప్పటి బోర్డుల్లో అవి గోరంత ఉంటాయి, కాబట్టి బోర్డే మార్చెయ్యడం అలవాటు. దాని ఖరీదు మాత్రం గోరంత కాదు. "ఈ కాలం కంపెనీలన్నీ ఇంతే, బాగుచేసుకోనివ్వరు," అని మనసులో ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చుకుని, బోర్డుని కార్ట్‌లో వేశాను. కోపంలో ఒక సుఖం ఉంది. తీర్పు అయిపోయిందన్న సుఖం.

డబ్బు కట్టే ముందు ఒక్క పరీక్ష చేశాను. అది నా తెలివి కాదు, ఖరీదు చూసి పుట్టిన భయం. బోర్డుకి వచ్చే కనెక్టర్ పీకేసి మెషీన్ ఆన్ చేశాను. బోర్డుకీ కాయిల్‌కీ ఇక ఏ సంబంధమూ లేదు.

కాయిల్ బిగుసుకుంది.

నేరం జరిగిన వేళ నిందితుడు ఊళ్ళోనే లేడని తేలినట్టయింది. బోర్డు నిర్దోషి. అలాగైతే కాయిల్‌నుంచి బోర్డుకి పోయే తీగే దారిలో ఎక్కడో గ్రౌండ్‌ని తాకుతోంది. టార్చ్ వేసి తీగ వెంబడి పోతే, ఒక ఇనుప బ్రాకెట్ అంచు దగ్గర దొరికింది. అదురుకి రాసుకుని రాసుకుని పైన ప్లాస్టిక్ అరిగిపోయి, రాగి మెరుస్తోంది. ఆ తీగ అసలు అక్కడ ఉండాల్సింది కాదు. మిగతా తీగలతో కలిపి ఒక ప్లాస్టిక్ టై దాన్ని బ్రాకెట్‌కి దూరంగా పట్టి ఉంచాలి.

ఆ టై కత్తిరించింది నేనే. అక్టోబరులో ఒక స్విచ్ సరిచేస్తుంటే చెయ్యి దూరడంలేదని కత్తిరించాను. పని అయ్యాక కొత్తది వేద్దామనుకున్నాను. బంతి దొర్లుతోంది, దీపాలు వెలుగుతున్నాయి, అద్దం బిగించేశాను.

*

చిన్నప్పుడు మనందరం విన్న ఏడు చేపల కథ గుర్తుందా? ఒక చేప ఎండలేదు. ఎందుకెండలేదని అడిగితే చేప గడ్డిమోపు మీద చెప్తుంది, గడ్డిమోపు ఆవు మీద, ఆవు మేపేవాడి మీద, వాడు అన్నం పెట్టని అమ్మ మీద, అమ్మ ఏడ్చే పిల్లాడి మీద, పిల్లాడు కుట్టిన చీమ మీద. జపాన్‌లో టయోటా ఇంజనీరు తైచి ఓనో ఇదే పద్ధతిని ఫాక్టరీకి నేర్పాడు. ఏదైనా ఆగిపోతే అయిదుసార్లు "ఎందుకు?" అని అడగమన్నాడు. ఆయన ఇచ్చిన ఉదాహరణ కూడా ఫ్యూజే. ఎక్కువ బరువు పడి ఫ్యూజు పోయింది. బేరింగుకి నూనె అందక బరువు పడింది. నూనె పంపు సరిగా తోడక అందలేదు. పంపు ఇరుసు అరిగి తోడలేదు. జల్లెడ లేక ఇనుప రజను లోపలికి పోయి ఇరుసు అరిగింది. మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతే ఫ్యూజు మార్చేసి, కొన్నాళ్ళకి మళ్ళీ మారుస్తాం.

మా ఆఫీసులో కూడా సర్వర్ పడిపోయినప్పుడల్లా ఈ తతంగం జరుపుతాం. ఎవరి పేరూ ఎత్తకూడదని నియమం. మంచి నియమమే. పేరు ఎత్తితే మనుషులు నిజం దాస్తారు. కానీ ఏడు చేపల కథని పెద్దయ్యాక మళ్ళీ తలుచుకుంటే రెండు విషయాలు కనిపించాయి. ఒకటి, ఆ గొలుసులో అందరూ పక్కవాడి మీదకి నెట్టేవాళ్ళే. చీమ ఒక్కటే తను చేసింది తనదని ఒప్పుకుంటుంది, కారణం కూడా చెప్తుంది. రెండు, చీమ మాట ప్రకారం వేలు పెట్టింది ఆ పిల్లాడే. కానీ కథ వెనక్కి తిరిగి, పుట్టలో వేలెందుకు పెట్టావని వాణ్ణి అడగదు. చేపలు పట్టుకొచ్చిన రాజకుమారులని అసలే అడగదు. అడుగుతున్నవాడు ఎప్పుడూ గొలుసు బయటే ఉంటాడు.

"ఎందుకు" అని అడగడంలో ఉన్న చిక్కు ఇదే. ఎక్కడ ఆపాలో ఆ ప్రశ్న చెప్పదు. తొందరగా ఆపితే దగ్గర్లో ఉన్న చిన్నవాడు దొరుకుతాడు: కాయిల్, ఎనిమిదేళ్ళ పిల్ల. ఆపకుండా పోతే ఎవరూ దొరకరు. తయారీ, మార్కెట్టు, కాలం, కర్మ అంటూ తప్పంతా పొగలా పలచబడిపోతుంది. మొదటిది క్రూరత్వం, రెండోది తప్పించుకోవడం. చిత్రమేమిటంటే ఒకే మనిషి పొద్దున ఒకటి, సాయంత్రం ఇంకోటి చెయ్యగలడు. నేను చేశాను.

*

బొల్లాపల్లి గురించి తెలియనివాళ్ళకి: పల్నాడు జిల్లాలో వినుకొండ దాటి, నల్లమల అంచున ఉన్న మెట్ట మండలం మాది. మిరప, పత్తి, కంది. మా పొలానికి కాలవ నీళ్ళు రావు, బోర్లే దిక్కు. వరికపూడిశెల ఎత్తిపోతల పథకం మాట నా చిన్నప్పటినుంచీ వింటూనే ఉన్నాను.

2007 సంక్రాంతికి నేను ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం. సెలవులకి ఇంటికొచ్చాను. మిరప కాపు మీద ఉంది. అప్పటికి వ్యవసాయానికి కరెంటు ఉచితమైంది, కానీ వచ్చేది విడతలుగా, మాకు ఎక్కువగా రాత్రి పూట. మా స్టార్టర్ డబ్బాలో ఒక ప్రివెంటర్ ఉండేది. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా, వోల్టేజి మరీ పడిపోయినా మోటారుని ఆపేస్తుంది. మంచిదే. కానీ అది రాత్రికి రెండుమూడుసార్లు ఆపేసేది. ఆపేసినప్పుడల్లా నాన్న టార్చిలైటూ కర్రా పట్టుకుని పొలానికి పోయి మళ్ళీ ఆన్ చేసి రావాలి. మా పక్క పొలం ఆయన అలా వెళ్ళి ముందటేడు పాము కాటుకి గురయ్యాడు, బతికి బయటపడ్డాడు. మూడు రాత్రులు చూశాను. నాలుగో రోజు పగలు, నేనొక్కణ్ణే పోయి, స్టార్టర్ డబ్బా తెరిచి, జానెడు తీగముక్కతో ఆ ప్రివెంటర్‌ని పక్కకి తప్పించాను. ఊళ్ళో చాలామంది చేసే పనే. నాన్నకి చెప్పలేదు. ఆ రాత్రి ఆయన హాయిగా నిద్రపోయాడు. "ఇయ్యాల కరెంటు బాగుంది," అన్నాడు పొద్దున.

నెలాఖరులో మోటారు కాలిపోయింది. బోరులోంచి మోటారు పైకి తీయడం అంటే మాటలు కాదు. పొడుగు పైపులు ఒక్కొక్కటే లాగాలి, మనుషులు కావాలి, కూలి ఇవ్వాలి. దాన్ని ట్రాక్టర్లో వేసుకుని వినుకొండ తీసుకెళ్తే, వైండింగ్ షాపాయన రెండు రోజులు కూర్చుని కొత్త తీగ చుట్టాడు. ఫిబ్రవరిలో మళ్ళీ కాలింది. మళ్ళీ చుట్టాడు. మార్చిలో మూడోసారి కాలింది. అప్పటికి మూడో కోతకి రావాల్సిన కాయ చెట్టు మీదే వడలిపోయింది.

మూడోసారి నేనూ వెళ్ళాను. చిన్న షాపు. గోడల నిండా ఫ్యాన్లూ మిక్సీలూ, వార్నిష్ వాసన, మూలన కాలిన తీగల కుప్ప. నాన్న చాలా కోపంగా ఉన్నాడు. "ఏం తీగయ్యా నువ్వేసేది? నెల కూడా ఆగట్లా," అన్నాడు. చుట్టూ నలుగురైదుగురు ఉన్నారు. ఆయన మోటారు విప్పి చూపించాడు. నెమ్మదిగానే చెప్పాడు: "తీగ సంగతి కాదు అన్నా. ఇటు చూడు, రెండు ఫేజులే మాడినయ్. మూడోది తెల్లగానే ఉంది. తీగ నాసిదైతే మొత్తం ఒక్కతీరుగా పోద్ది. ఒక ఫేజు లేకుండా మోటారు తిరిగింది. స్టార్టరు చూసుకోండి."

నాన్న నా వైపు చూశాడు. కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడు కదా. నేను ఆ తీగని రెండు వేళ్ళతో పట్టుకుని, ఏదో తెలిసినట్టు వంచి చూసి, "క్వాలిటీ తక్కువే నాన్నా," అన్నాను.

ఆ షాపాయన నన్ను ఒక్క క్షణం చూశాడు. ఏమీ అనలేదు. నాన్న ఆ మూడో వైండింగ్ కూలి ఇవ్వకుండానే మోటారు ఎత్తుకొచ్చేశాడు. పాత రాగి తూకం కూడా అడిగి మరీ తెచ్చుకున్నాం. నాలుగోసారి వేరే షాపులో చుట్టించాం. తర్వాత ఆ మోటారు చాలా ఏళ్ళు తిరిగింది. దాంతో ఊళ్ళో తేల్చేశారు: మొదటాయన పని నాసిరకం. మా వీధిలో ఇంకో నాలుగు ఇళ్ళవాళ్ళు కూడా ఆయన దగ్గరికి పోవడం మానేశారు.

నాకప్పుడు తెలియదు అని రాస్తే అబద్ధం. ఆయన "స్టార్టరు" అనగానే నా కడుపులో ఏదో కదిలింది. తెలుసుకోకుండా ఉండటానికి కష్టపడ్డాను, అంతే. మూడు ఫేజుల మోటారులో రెండే ఎందుకు మాడతాయో రెండో సంవత్సరం ఎలక్ట్రికల్ మెషీన్స్ పేపర్లో చదివాను. ఒక ఫేజు పోతే మోటారు ఆగదు, మిగిలిన రెంటినుంచే కరెంటు ఎక్కువ లాక్కుని తిరుగుతుంది, ఆ రెండే మాడతాయి. ఆ పరీక్షలో నాకు మంచి మార్కులొచ్చాయి.

*

పిన్‌బాల్ చరిత్రలో ఒక విచిత్రమైన ఘట్టం ఉంది. 1942లో న్యూయార్క్ మేయర్ లా గార్డియా ఈ మెషీన్లని జూదమని నిషేధించి, పట్టుకున్నవాటిని సుత్తితో పగలగొట్టించాడు. అప్పట్లో అందులో నిజం లేకపోలేదు. ఫ్లిప్పర్లు వచ్చింది 1947లో. అంతకుముందు బంతిని వదిలేయడమే, మిగతాది అదృష్టం. నిషేధం 1976 దాకా సాగింది. ఆ ఏడు రోజర్ షార్ప్ అనే కుర్రాడు నగర సభ్యుల ముందు మెషీన్ ఆడి చూపించాడు. ఈసారి బంతిని మధ్య దారిలోంచే పంపిస్తాను చూడండని ముందే చెప్పి, అలాగే పంపించాడు. ఇది నైపుణ్యమే అని నిషేధం ఎత్తేశారు. ఆ షాట్‌లో అదృష్టం పాలు ఉందని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు.

అదే 1976లో ఇద్దరు తత్వవేత్తలు, బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్, "మోరల్ లక్" అన్న ఒకే పేరుతో రెండు వ్యాసాలు రాశారు. మన చేతిలో లేనిదానికి మనల్ని తప్పుపట్టకూడదని అందరం అంటాం. కానీ నిజంగా తప్పుపట్టేటప్పుడు ఫలితాన్నే చూస్తాం. నేగెల్ ఉదాహరణ ఇలా ఉంటుంది. ఒక లారీ డ్రైవరు బ్రేకులు చూపించుకోవడం అశ్రద్ధ చేశాడు. దారిలో పిల్లవాడు అడ్డమొస్తే అతను జీవితాంతం దోషి. ఎవరూ అడ్డం రాకపోతే, అంతే అశ్రద్ధకి అతణ్ణి పట్టించుకునేవాడే లేడు. విలియమ్స్ ఇంకో మాట చేర్చాడు. తప్పు ఏమీ లేకపోయినా, చేసినవాడి బాధ చూసినవాడి బాధ లాంటిది కాదు, కాకూడదు కూడా.

బ్రేకులు చూపించుకోకపోవడం. ఆ ఉదాహరణ చదివినప్పుడు, ఇది మెయింటెనెన్స్ గురించి కదా అనిపించింది. ఊళ్ళో చాలామంది స్టార్టర్లలో నేను పెట్టినలాంటి తీగముక్కలే ఉన్నాయి. అందరి మోటార్లూ కాలలేదు. మాది కాలింది, అది దురదృష్టం. లైన్ సరిగా ఉంటే మూడు ఫేజులూ వచ్చేవి, అది నా చేతిలో లేదు. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద అందరి మోటార్లూ ఒకేసారి మొదలై వోల్టేజి పడిపోయేది, అందులో మాదీ ఒకటి. నాన్న నిద్ర కోసం చేశాను, ఉద్దేశం మంచిది. ఇవన్నీ నిజాలే. ఒక్కొక్కటీ తప్పుని కొంచెం కొంచెం తగ్గిస్తూ పోతుంది. చాలా ఏళ్ళు నేను వీటితోనే గడిపాను.

కానీ ఇవన్నీ ఆ తీగముక్క గురించి. "క్వాలిటీ తక్కువే నాన్నా" అన్న మాట గురించి కాదు. ఆ మాటకి లైను కారణం కాదు, వోల్టేజి కారణం కాదు, అదృష్టం అసలే కాదు. అక్కడ ఫ్లిప్పర్ నా చేతిలోనే ఉంది.

అందుకే "ఎందుకు" అన్న ప్రశ్న ఎక్కడ ఆగాలి అన్నదానికి నాకు దొరికిన జవాబు ఇది. నా చెయ్యి అందే చోటు వచ్చేదాకా ఆగకూడదు, వచ్చాక దాటిపోకూడదు. కాయిల్ దగ్గర ఆగడం తొందర. కంపెనీల ధోరణి దాకా పోవడం షికారు. మధ్యలో ఎక్కడో ఒక ప్లాస్టిక్ టై ఉంటుంది. గొలుసులో అదొక్కటే కారణమని కాదు. నేను సరిచెయ్యగలిగింది అదొక్కటే అని. మెయింటెనెన్స్ అంటే బహుశా ఇంతే: ఏదీ కాలకముందే, ఎవరూ అడగకముందే, తన చెయ్యి అందినంత మేరకి ఆ ప్రశ్న వేసుకోవడం.

దీనికి ఒక అభ్యంతరం ఉంది. అందరూ తమ చెయ్యి అందేదే చూసుకుంటే లైను ఎవరు బాగుచేస్తారు? రైతు తన స్టార్టర్ చూసుకుంటూ కూర్చుంటే, రాత్రి పూట కరెంటు ఎందుకిస్తున్నారని ఎవరు అడుగుతారు? నిజమే, అడగాలి. నలుగురూ కలిస్తే చెయ్యి ఇంకొంచెం దూరం అందుతుంది. కానీ లైను మీద కోపాన్ని స్టార్టర్ డబ్బా మూత వెయ్యడానికి వాడుకోకూడదు. మా ఆఫీసులో పేర్లెత్తని సమీక్షల్లో కూడా నాకు కనిపించే లోటు ఇదే. గదిలో ఉన్నవాళ్ళ పేర్లు ఎవరూ ఎత్తరు. గది బయట ఉన్న కాంట్రాక్టు మనిషి పేరు మాత్రం ఎలాగోలా బయటికొస్తుంది. వైండింగ్ షాపాయన ఎప్పుడూ గది బయటే ఉంటాడు.

*

ఈ వేసవిలో ఊరెళ్ళినప్పుడు నాన్నకి చెప్పాను. సాయంత్రం అరుగు మీద కూర్చున్నాం. ఇప్పుడాయన మోటారు ఫోన్‌లోంచే ఆన్ చేస్తాడు. చాలాసేపు ఏమీ అనలేదు.

"నాకు తెలుసులేరా," అన్నాడు చివరికి. "ఆ ముక్క పీకి పారేసింది నేనే. నాలుగోసారి దించేటప్పుడు లైన్‌మన్ చూసి చెప్పాడు."

అంటే నాలుగోసారి మోటారు కాలకపోవడానికి కారణం వేరే షాపు తీగ కాదు. నాన్నకది ఆ రోజు నుంచీ తెలుసు.

"మరి ఆయనకి చెప్పలేదా?"

"ఏమని చెప్పేది? చదువుకునే కొడుకు చేసిన పని అని నలుగుర్లో చెప్పమంటావా? తప్పలేదు."

తప్పు, తప్పలేదు. రెండూ ఒకే మాటలోంచి పుట్టాయి. దారి తప్పడం కూడా అందులోదే. నాన్న తన "ఎందుకు"ని నా దగ్గర ఆపేశాడు, నా మీద ప్రేమతో. నేను ఆ తీగముక్క పెట్టింది ఆయన మీద ప్రేమతో. మా ఇద్దరి ప్రేమకీ కూలి కట్టింది మూడో మనిషి.

మర్నాడు వినుకొండ వెళ్ళాను. ఆ షాపున్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. పక్క టీకొట్టాయన్ని అడిగితే, చాలా ఏళ్ళయిందని, నరసరావుపేట వైపు వెళ్ళాడనుకుంటానని అన్నాడు. పేరు సరిగ్గా చెప్పలేకపోయాను. మూడుసార్లు మా మోటారు చుట్టిన మనిషి పేరు మా ఇద్దరికీ గుర్తులేదు. మా గిరాకీ పోవడం వల్లే షాపు మూసేశాడా అంటే, తెలియదు. కాకపోవచ్చు. దాన్ని పట్టుకుని పెద్ద విషాదం అల్లుకోవడం కూడా ఒక రకంగా నన్ను నేను గొప్ప చేసుకోవడమే. ఇవ్వాల్సిన కూలి మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

ఒక్క బాకీ తీర్చగలిగాను. డిసెంబరులో, ఆ తీగకి కొత్త తొడుగేసి, టై బిగించాక, మా అమ్మాయిని పిలిచి చూపించాను. ఇదిగో ఇక్కడ తీగ రాసుకుంది, ఈ టై నేనే కత్తిరించి మళ్ళీ వెయ్యలేదు, అందుకే కాలింది, నీ తప్పేం లేదు అన్నాను. టార్చ్ పట్టుకుని శ్రద్ధగా చూసింది.

"మరి నన్నెందుకు అడిగావ్?"

"నువ్వు దగ్గర్లో ఉన్నావు కాబట్టి," అన్నాను.

కాసేపు ఆలోచించింది. "నువ్వు కూడా దగ్గర్లోనే ఉన్నావుగా," అని, బంతి వదలడానికి ప్లంజర్ లాగింది.